పంతులమ్మను పంతులమ్మగా ఉండనిద్దాం



మన వైపు నుండి కువైట్‌కు పోయేవాళ్ల సంగతి మనకు కొత్త కాదు. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి పక్క ఏ పల్లెకు పోయినా గల్ఫ్‌లో ఒకరో ఇద్దరో ఉన్న ఇల్లు తగులుతుంది. వాళ్ల కోసం ఎట్లా ప్రార్థన చేయాలో మన సంఘాలు ఎప్పుడో నేర్చుకున్నాయి. వాళ్లు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఏమి అడగాలో, ఏమి అడగకూడదో కూడా కొంత తెలిసింది. ఇప్పుడు మన పల్లెల్లో ఇంకో రకం ప్రయాణం కనబడుతోంది. బి.ఇడి. చదివిన పిల్లలు ఇంగ్లీషు టీచర్లుగా మాల్దీవులకు పోతున్నారు. ఆంధ్ర నుండి, కేరళ, తమిళనాడుల నుండి టీచర్లు అక్కడికి పోవడం దశాబ్దాలుగా ఉన్నదే. కె.సి. కాలువ కింది మా పల్లెలకు మాత్రం అది కొత్త.

మా సంఘంలో పెరిగిన ఒక అమ్మాయి అట్లా వెళ్లి ఐదు నెలలైంది. శుక్రవారం ఆమెకు సెలవు. ఆ రోజు నాకు, మా అమ్మగారికి వాయిస్ మెసేజీలు పెడుతుంది. పేరు, దీవి పేరు రాయవద్దని, మిగతావి రాసుకోవచ్చని చెప్పింది. ఆమె చెప్పినవి మీతో పంచుకోవాలని కొంత, ఆమె గురించి మనలో మనం మాట్లాడుకుంటున్న మాటలకు జవాబు చెప్పాలని కొంత, ఇది రాస్తున్నాను.

ముందు ఆమె ఎందుకు పోయిందో చెప్పాలి. 2018 తర్వాత మన రాష్ట్రంలో పూర్తిగా జరిగిన డీఎస్సీ మళ్లీ 2025లోనే. పోస్టులు 16,347 అన్నారు, అందరూ సంతోషించారు. కానీ ఈ ఏడేళ్లలో బి.ఇడి. పూర్తి చేసి, ప్రైవేటు బళ్లలో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్తూ, రాత్రిళ్లు కోచింగ్ పుస్తకాలు చదివి వయసు గడిపేసిన పిల్లలు ఎంతమందో మీ మీ ఊళ్లలో మీరే లెక్క వేసుకోండి. ఈ అమ్మాయికి కొద్దిలో పోయింది. ఇంట్లో పెండ్లి మాటలు మొదలైనాయి. అప్పుడు ఒక ఏజెంటు తగిలాడు.

ఏజెంటు సంగతి ఇక్కడే ఒక మాట. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు విదేశీ ఉద్యోగానికి పంపేందుకు మనిషి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని నిబంధన ఉంది. ఏజెంటు నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఈ ఇంట్లో వాళ్లు చేను కుదువ పెట్టి దానికి ఎన్నో రెట్లు కట్టారు. రసీదు లేదు. తెలిసిన పిల్లలు ఎవరైనా పోవాలనుకుంటే ఈ పేరా ఒక్కటైనా వాళ్లకు పంపండి.

ఇక ఆమె చూసిన దేశం.

మొదటి మెసేజీలో సముద్రం గురించి ఏదో చెబుతుందనుకున్నాను. ఆమె కొండ గురించి చెప్పింది. "అయ్యగారూ, ఈడ కొండ లేదు. యా పక్క జూసినా ఏమీ అడ్డం లేదు. నాకు దిక్కులు తెలియడం ల్యా" అంది. నిజమే. ఇంటి ముందు నిలబడితే ఒక పక్క నల్లమల, ఇంకో పక్క ఎర్రమల కనబడే చోట పుట్టిన పిల్ల. కొండను బట్టి తూర్పు, కొండను బట్టి వాన. అక్కడ దేశం మొత్తంలో సహజంగా ఎత్తైన చోటు కూడా సముద్రం నుండి రెండున్నర మీటర్ల లోపే, అంటే మన మిద్దె గోడంత కూడా లేదు. దాదాపు 1,200 దీవులు, వాటిలో మనుషులు కాపురం ఉండేవి 200 లోపు. జనం ఐదు లక్షల పైచిలుకు, మన కర్నూలు పట్టణమంత. ఆమె ఉన్న దీవిని అరగంటలో చుట్టి రావచ్చు.

రెండో మెసేజీ నీళ్ల గురించి. సీమ బిడ్డ ఎక్కడికి పోయినా ముందు చూసేది అదే కదా. మనం ఎనిమిది వందల అడుగులు, వెయ్యి అడుగులు బోరు దించి చూస్తాం, పడితే దేవుని దయ. అక్కడ చేతికందే లోతులోనే నీళ్లు ఉంటాయి. కానీ ఆ మంచినీళ్ల పొర ఉప్పునీళ్ల మీద పలచగా తేలుతూ ఉంటుంది, చాలా చోట్ల తాగేందుకు పనికిరాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఎన్నో దీవుల్లో అది మరీ చెడిపోయింది. అందుకని ఇంటి కప్పు మీద పడిన వాననీళ్లను పెద్ద ట్యాంకుల్లో పట్టుకుని ఏడాది పొడుగునా తాగుతారు. రాజధాని మాలెలో సముద్రపు నీటిని ఉప్పు తీసి కొళాయిల్లో ఇస్తారు. 2014 డిసెంబరు 4న ఆ ప్లాంటులో మంటలు లేస్తే ఊరంతా గొంతు ఎండిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు మన దేశమే విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. ఈ సంగతి ఆమెకు అక్కడి తోటి టీచరు ఒకామె చెప్పి, మీ వాళ్లు పంపిన నీళ్లు తాగినాము అన్నదట. మన అమ్మాయి నవ్వి, మా ఊర్లోకి కూడా ఎండాకాలం ట్యాంకరే వస్తుంది అన్నదట. ఇద్దరూ అప్పటినుండి స్నేహంగా ఉన్నారు.

తిండి సంగతి తక్కువ చెబుతాను, ఆమె ఎక్కువే చెప్పింది. చేప లేని పూట లేదు. చూర చేపను తురిమి కొబ్బరి, ఎర్రగడ్డ, మిరపకాయ వేసి కలిపి పొద్దున్నే రొట్టెతో తింటారు. దానికి "మాస్ హుని" అని పేరు. ఉగ్గాని కలిపినట్టే కలుపుతారు, బొరుగుల బదులు చేప అంటుంది. సంగటి, ఊరిబిండి మాత్రం కలలోకి వస్తున్నాయట. ఒకరోజు పడవలో దిగిన ఎర్రగడ్డల మూట చూసి ఏడుపొచ్చిందని చెప్పింది. 1981లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన దేశం ఆ చిన్న దేశానికి బియ్యం, పప్పు, చక్కెర, కోడిగుడ్లు, ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు పంపుతూ ఉంది. అవి మన కర్నూలు గడ్డలే అని ఎవరూ చెప్పలేరు, కానీ ఆమె మాత్రం అవే అని తీర్మానించుకుంది. నేను కాదనలేదు.

అసలు విషయం తరగతి గది.

ఇక్కడ ఉన్నప్పుడు ఇంగ్లీషులో ఆమెకు మంచి పేరు. వ్యాకరణం అడిగితే నిద్రలో కూడా చెబుతుంది. అక్కడి పిల్లలకు వ్యాకరణం అంతగా రాదు, కానీ నోరు తిరుగుతుంది. 1960ల మొదట్లో మాలె సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం మొదలైంది, ఇప్పుడు ప్రతి దీవిలోనూ అదే. పైగా టీవీ, ఫోను. ఏడో తరగతి పిల్లలు ఆమె కంటే వేగంగా మాట్లాడతారు. మొదటి వారం ఆమె బోర్డు మీద అక్షరాలు రాస్తూ పైకి చదివితే వెనక బెంచీలో నవ్వులు. ఎందుకో ఆమెకు తెలియలేదు. తర్వాత ఒక చిన్న పాప మెల్లగా వచ్చి చెప్పింది: "మిస్, మీరు యమ్, యన్, యస్ అంటారు."

మనమందరం అనేది అదే కదా! ఎమ్మెల్యేను యం.ఎల్.ఎ. అని గోడల మీద రాసుకున్న జాతి మనది. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. "నాకు ఇంగ్లీషు రాదేమో అయ్యగారూ, వచ్చు అనుకొని వచ్చేసినానేమో" అని మెసేజీ పెట్టింది. పరదేశంలో కొత్త టీచరుకు తగిలే మొదటి దెబ్బ ఇదే అనుకుంటాను. ఇంటి బెంగ తర్వాత వస్తుంది. నీకు వచ్చు అనుకున్నదే నీకు రాదు అని ఒక పన్నెండేళ్ల పాప చెప్పడం ముందు వస్తుంది.

ఆమెకు నేను మదనపల్లె కథ ఒకటి చెప్పాను. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోనే ఉండేది. అక్కడి దివ్యజ్ఞాన సమాజం కాలేజీకి ఇంగ్లీషు చెప్పడానికి జేమ్స్ కజిన్స్ అనే ఆయన వచ్చాడు. ఇంగ్లండు మనిషి కాదు, ఐర్లండులో బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాడు. 1915లో అనీబిసెంటు పిలుపు మీద మద్రాసుకు వచ్చి ఆమె పత్రికలో పనిచేశాడు. 1916లో తన దేశంలో తెల్లదొరతనం మీద తిరగబడినవాళ్లను మెచ్చుకుంటూ రాసినందుకు ఆ పని పోయింది. అప్పుడు బిసెంటే ఆయనను మదనపల్లెకు ఇంగ్లీషు టీచరుగా పంపింది. తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఆ కాలేజీలో బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చింది, కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసింది అప్పుడే. ఆ దంపతుల విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు, ఆ చర్చ ఇక్కడ వద్దు. నేను చెప్పదలచింది ఒక్కటే. మన సీమ పిల్లలు ఆ రోజుల్లో విన్న ఇంగ్లీషు లండన్ యాస కాదు, ఐర్లండు యాస. ఇంగ్లీషువాళ్ల పాలన కింద ఉన్న ఒక దేశంవాడు, అదే పాలన కింద ఉన్న ఇంకో దేశం పిల్లలకు ఇంగ్లీషు చెప్పాడు. యాస చూసి ఆయనను ఎవరూ వెనక్కి పంపలేదు. తల్లీ, నీ యమ్, యన్ సరిచేసుకో, అది మంచిదే, కానీ దానికోసం పెట్టె సర్దుకోవద్దు అన్నాను.

ఆమె ఇంకా మంచి పని చేసింది. మరునాడు ఆ పాపనే పిలిచి, నువ్వు నాకు అక్షరాలు నేర్పు, నేను నీకు వ్యాసం రాయడం నేర్పుతాను అని చెప్పి, వాళ్ల లిపి కూడా నేర్పమంది. వాళ్ల భాష ధివేహి, లిపి పేరు తానా. కుడి నుండి ఎడమకు రాస్తారు. అందులో మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెలు ఒకటి నుండి తొమ్మిది వరకు తీసుకుని చేసినవి. అంకెలతో అక్షరాలు చేసుకున్న జాతి! ఇది విన్నప్పుడు నాకు భలే ముచ్చట వేసింది. ఇప్పుడు ఆమె నీళ్లను "ఫెన్" అంటుంది, మూడును "తిన్", ఐదును "ఫస్" అంటుంది. తప్పు పలికితే తరగతి అంతా నవ్వుతుంది, ఆమే ముందు నవ్వుతుంది.

దానియేలును, అతని స్నేహితులను బబులోనులో మూడేండ్లు ఆ దేశపు భాష, విద్య నేర్చుకోమని పెట్టిన సంగతి మీకు తెలుసు. మనం ఆ అధ్యాయంలో భోజనం గురించే ఎక్కువ ప్రసంగాలు చేస్తాం. ఆ మూడేండ్ల చదువు గురించి ఎవరూ చెప్పరు. పరాయి అక్షరాలు దిద్దడానికి, పలకరానిది పలకడానికి, నవ్వులపాలు కావడానికి కూడా ఓపిక కావాలి.

ఇంత వరకు ఆమె కథ. ఇక మన సంగతి.

ఆమె ఇంగ్లీషు చెప్పడానికి ఒప్పందం మీద సంతకం చేసి వెళ్లింది. కానీ మనం ఇక్కడ నుండి ఆమె నెత్తిన ఇంకో మూడు ఉద్యోగాలు పెట్టాం.

మొదటిది అప్పు తీర్చే ఉద్యోగం. అది తప్పదు, చేను కుదువలో ఉంది. కానీ మొదటి నెల నుండే ఫోను తీయగానే "ఎంత పంపినావు" అని అడిగితే ఎట్లా? ఆ దేశంలో డాలర్ల కొరత ఉంది. రూఫియాల్లో ఇచ్చే జీతాన్ని మార్చి ఇంటికి పంపడానికి హద్దులు ఉన్నాయి. ఆమె దాచుకుంటుందని బంధువులు అనుకుంటున్నారు. కాదు నాయనా, దారి ఇరుకుగా ఉంది.

రెండోది ఫోటోల ఉద్యోగం. నీలం సముద్రం, తెల్ల ఇసుక, అందులో నిలబడి ఒక ఫోటో పంపమని ఊరంతా అడుగుతోంది. 1972లో మొదటి రిసార్టు తెరిచినప్పటినుండి లోకం మాల్దీవులను ఆ ఫోటోల్లోనే చూస్తోంది. కానీ టూరిస్టుల దీవులు వేరు, కాపురాల దీవులు వేరు. ఆమె ఉండేది మన పల్లె లాంటి పల్లె. వలలు ఎండేసుకునే మగవాళ్లు, సాయంత్రం ఇంటి ముందు తాళ్ల కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్లు, స్కూలు, మసీదు, ఒక దుకాణం. అవి పంపితే "ఇదేనా మాల్దీవులు" అన్నారట ఎవరో. అప్పటినుండి ఆమె ఫోటోలు పంపడం మానేసింది.

మూడోదాని గురించి రాయడానికే నేను ఇన్నాళ్లు వెనకాడాను. మన సహోదరులు కొందరు, మంచివాళ్లే, భారంతోనే, ఆమెకు ఫోను చేసి చెప్పారు: ఇది దేవుడు తెరిచిన తలుపు, పాఠాల చాటున సువార్త చెప్పు, పిల్లల దగ్గర మొదలుపెట్టు అని. ఆ దేశ రాజ్యాంగం ప్రకారం పౌరులందరూ ముస్లిములే. ఇంకో మతం బోధించడం అక్కడ నేరం. బయటి దేశంవాళ్లు తమ గదిలో తాము ప్రార్థన చేసుకోవచ్చు, అంతే. కువైట్‌లో మన తెలుగువాళ్లు శుక్రవారం సెలవు కాబట్టి శుక్రవారమే కూడుకుని పాటలు పాడి ఆరాధిస్తారు. ఈమెకు ఆ అవకాశం కూడా లేదు. ఆదివారం ఆమెకు పనిరోజు. మనం ఇక్కడ ఆరాధనలో పాడుకునే వేళకు ఆమె అక్కడ హాజరు పిలుస్తూ ఉంటుంది. శుక్రవారం తన గదిలో తలుపు వేసుకుని మెల్లగా పాడుకుంటుంది. ఆమెకు ఉన్న కష్టం అది చాలు.

చాటున చెప్పమనే సలహాతో నేను ఏకీభవించను. చట్టానికి భయపడి కాదు, పట్టుబడితే శిక్ష ఆమెకు పడుతుంది, సలహా ఇచ్చినవాళ్లకు పడదు అన్నది నిజమే అయినా అందుకు కూడా కాదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఆమె మీద నమ్మకంతో బడికి పంపారు. ఇంగ్లీషు చెబుతుందని పంపారు. మీరే ఒక క్షణం ఆలోచించండి. మన ఊరి బడికి ఎక్కడి నుండో ఒక పరదేశి ఇంగ్లీషు టీచరుగా వచ్చి, మన పిల్లలకు మనకు తెలియకుండా వాళ్ల మతం నేర్పుతున్నాడని తెలిస్తే మనం ఏమంటాం? పాఠం బాగా చెప్పాడు కదా అని ఊరుకుంటామా? మనకు చేదు అయినది వాళ్లకు తీపి ఎట్లా అవుతుంది?

ఒక సహోదరుడు నాతో వాదిస్తూ పౌలు డేరాలు కుట్టలేదా అన్నాడు. కుట్టాడు. కానీ పౌలు కుట్టినవి నిజమైన డేరాలు. కొనుక్కుపోయినవాడికి ఎండకూ వానకూ ఆగే డేరా దొరికింది. డేరా పేరు చెప్పి ఇంకేదో మూట కట్టి ఇవ్వలేదు. చెప్పదలచింది ఆయన వీధిలోనే, తన పేరు మీదే చెప్పాడు. ఆ సహోదరుడు నవ్వి ఊరుకున్నాడు, ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. ఈ విషయంలో మీలో చాలామందికి నా మాట నచ్చకపోవచ్చు. ఎదురుగా వచ్చి మాట్లాడండి. ఆ అమ్మాయికి మాత్రం ఫోను చేయకండి.

ఐదు నెలలకే ఆ దేశం మంచిదా చెడ్డదా అని తీర్పు అడగడం కూడా మానుకుందాం. ఆమె మొదటి వారం చెప్పింది, ఈ శుక్రవారం చెప్పింది పక్కపక్కన పెడితే ఒకే దేశం గురించి చెప్పినట్టు లేదు. మొదట్లో వాళ్లు ముభావంగా ఉంటారు అంది. ఇప్పుడు జ్వరం వస్తే పక్కింటి ముసలమ్మ గంజి లాగా ఉండే చేప పులుసు తెచ్చి, తాగే దాకా కదలలేదు అంటోంది. ఆ ముసలమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

పోయిన వారం ఆ అమ్మాయి తల్లితో ఇవన్నీ మాట్లాడాను. బడికి పోనామె, కూలికి పోయి బిడ్డను బి.ఇడి. చదివించినామె. అంతా విని, "ఐతే ఏమడగాల అయ్యగారూ ఫోన్లో" అంది. ఈరోజు ఏ పాఠం చెప్పినావని అడగమన్నాను. శుక్రవారం అట్లాగే అడిగిందట. అవతల కాసేపు మాట లేదట. తర్వాత బిడ్డ ఆ వారం చెప్పిన పాఠం, గాలివానలో దోనె మీద చిక్కుకున్న ఒక పిల్లవాడి కథ, మొదటినుండి చివరిదాకా తెలుగులో చెప్పిందట. నలభై నిమిషాలు. "వాడు గట్టుకు వచ్చినాడంట అయ్యగారూ" అని ఆమె నాకు చెప్పింది.